చెత్త నుంచి కరెంటు: అర్జీ పెట్టే ముందు ఒక మాట



మొన్న మన మీటింగులో ఒక మాట వచ్చింది. విశాఖలో చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు, మన బరంపురం చెత్త మాత్రం మొహుదా యార్డుకి పోతోంది, మనకీ అలాంటి ప్లాంటు కావాలని కార్పొరేషన్‌కి అర్జీ పెడదాం అన్నారు. నేనూ సరే అన్నాను. ఇంటికొచ్చి దీని చరిత్ర చదివాక, సంతకం పెట్టే ముందు మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఊరి చెత్తను పెద్ద కొలిమిలో కాల్చడం 1874లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మొదలైంది. అప్పుడు కరెంటు ఆలోచన లేదు, చెత్త వదిలితే చాలు. 1897లో లండన్‌లోని షోర్‌డిచ్‌లో ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీశారు. దాన్ని ప్రారంభించింది లార్డ్ కెల్విన్ అంతటి సైంటిస్టు. అక్కడ అది ఎలా నడిచింది? వాళ్ళది చలిదేశం, ఇంటింటా బొగ్గు పొయ్యి. చెత్తబుట్టలో సగం కాలిన బొగ్గు పడేది. అంటే చెత్తలోనే ఇంధనం ఉంది.

మన బుట్టలో ఏముంటుంది? కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అరటాకులు, కొబ్బరి పీచు. దాదాపు సగం నీళ్ళే. తడి కట్టెలు పెడితే పొయ్యి పొగ చిమ్ముతుంది గానీ అన్నం ఉడకదని మన అమ్మలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఢిల్లీ వాళ్ళు ఆ పాఠం డబ్బు పోసి నేర్చుకున్నారు. 1987లో తిమార్‌పూర్‌లో డెన్మార్క్ వాళ్ళ సాయంతో ప్లాంటు కట్టారు. రోజుకి 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు తీయాలని లెక్క. మూడు వారాలు నడిచి ఆగిపోయింది. వచ్చిన చెత్త తడిది, మట్టి కలిసినది. లెక్క వేసుకున్న వేడిలో సగం కూడా రాలేదు.

తర్వాత మన తెలుగువాళ్ళు ఇంకో దారి పట్టారు. 2003లో విజయవాడలో 6 మెగావాట్లు, హైదరాబాద్ చెత్త కోసం షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్ల ప్లాంట్లు వచ్చాయి. చెత్తను ఆరబెట్టి, ఏరి, ముద్దలు చేసి కాల్చే పద్ధతి. అక్కడా చెత్త ఒక్కటే చాలక ఊక లాంటివి కలపాల్సి వచ్చింది. 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి కొత్త ప్లాంట్లకి సబ్సిడీ ఆపమంది. కమిటీ రిపోర్టు చూసి, 2007లో అయిదు ప్లాంట్లని మాత్రం ప్రయోగంగా కట్టుకోనిచ్చింది.

మరి విశాఖ కాపులుప్పాడలో 15 మెగావాట్లది ఎలా వచ్చింది? ఇప్పటి ప్లాంట్లలో చెత్తను కొన్ని రోజులు గుంటలో ఉంచి, నీరు కారాక కాలుస్తారు. పొగని శుభ్రం చేసే యంత్రాలకి ఖర్చు వేరే, మిగిలిన బూడిదకి చోటు వేరే. దానికి రోజూ పెద్ద ఎత్తున చెత్త అందాలి. 2011 జనాభా లెక్కల్లో విశాఖ 17 లక్షలు దాటింది. బరంపురం మూడున్నర లక్షలు.

2016 కేంద్ర నిబంధనల్లో కూడా, మళ్ళీ వాడుకోలేనిది, కిలోకి 1500 కేలరీల (అంటే కిలో కేలరీల) లేదా అంతకంటే ఎక్కువ వేడి ఇచ్చేది ఇంధనానికి పంపాలన్న లెక్క ఉండేది. తడి చెత్తది ఎరువు దారి. మన ఒడిశాలో ఆ దారి ఇప్పటికే ఉంది. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు చిన్న చిన్న కేంద్రాల్లో తడి చెత్తని ఎరువు చేస్తున్నారు. "మో ఖత" పేరుతో అమ్ముతున్నారు కూడా.

అందుకే నా మనవి. ప్లాంటు వద్దని అనడం లేదు. కానీ మన ఫంక్షన్లలో విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, మిగిలిన సాంబారు ఒకే గోనెలో కట్టి పారేస్తున్నాం. ఆ గోనె కాల్చడానికీ పనికిరాదు, ఎరువుకీ పనికిరాదు. దాన్ని విప్పి చేత్తో ఏరేది ఆ ఆడవాళ్ళే.

రాబోయే మన వనభోజనాల్లో రెండు డ్రమ్ములు పెడదాం, ఒకటి తడికి, ఒకటి పొడికి. డ్రమ్ముల దగ్గర నిలబడే డ్యూటీ నాది. అర్జీ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.