సింగిల్‌షాట్ వేట రైఫిల్

ఒక్కసారికి ఒక్క తూటానే పట్టే, మేగజీన్ లేని రైఫిల్‌ను సింగిల్‌షాట్ అంటారు. పేల్చిన ప్రతిసారీ కొత్త తూటాను చేత్తోనే పెట్టాలి. వరుసగా పేలే రైఫిళ్లు (రిపీటర్లు) వచ్చి నూటయాభై ఏళ్లు దాటినా దీన్నే కోరి కొనే వేటగాళ్లున్నారు. ఈ మక్కువ పాతకాలపు సంయమనం నుంచి వచ్చిందని చెప్పడం పరిపాటి. చరిత్ర మాత్రం వేరే కథ చెబుతుంది.

అమెరికాలో క్రిస్టియన్ షార్ప్స్ 1848లో పేటెంటు పొందిన యంత్రాంగంలో, కింది మీటను లాగితే ఉక్కు దిమ్మ నిలువునా దిగి గొట్టం వెనుక భాగం తెరుచుకుంటుంది. ఈ అమరిక గట్టిది కాబట్టి పెద్ద తూటాలను తట్టుకునేది. 1873 నాటి వించెస్టర్ రిపీటర్ తూటాలో 40 గ్రెయిన్ల మందు ఉంటే, షార్ప్స్ తూటాల్లో 90 గ్రెయిన్లు, అంతకు మించి కూడా ఉండేది. 1874లో క్రీడ్‌మూర్‌లో జరిగిన దూరపు గురి పోటీలో షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లతో అమెరికన్లు ఐరిష్ జట్టును 934–931 స్కోరుతో ఓడించారు. అదే దశాబ్దంలో అవే రైఫిళ్లు బైసన్ మందలను తుడిచిపెట్టాయి. 1880ల చివరికి అడవిలో మిగిలినవి కొన్ని వందలే. అంటే అప్పటి వేటగాడు దీన్ని పట్టింది నిగ్రహం కోసం కాదు, దూరం కోసం, బలం కోసం. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన సింగిల్‌షాట్‌ను వించెస్టర్ 1885లో విడుదల చేసింది. మరుసటి ఏడే, పెద్ద తూటాలను తట్టుకునే బ్రౌనింగ్ రిపీటర్ కూడా అదే కంపెనీ నుంచి వచ్చింది. ఆపై పొగలేని మందు, బోల్ట్ రైఫిళ్లు వచ్చాక సింగిల్‌షాట్‌కున్న ఆధిక్యం పోయింది.

ఆధిక్యం పోయిన చోటే నేటి ఆకర్షణ మొదలైంది. స్కాట్లాండ్‌కు చెందిన ఫార్కర్సన్ 1872లో పేటెంటు పొందిన నమూనా స్ఫూర్తితో, 1967లో రూగర్ నంబర్ 1 అనే సింగిల్‌షాట్ వచ్చింది. బోల్ట్ ముందుకూ వెనక్కూ కదలడానికి చోటు అక్కర్లేదు కనుక, అదే పొడవు గొట్టంతో రైఫిల్ కొన్ని అంగుళాలు పొట్టిగా ఉంటుంది. ఆల్ప్స్ కొండల్లో మేకను పోలిన షామోయ్ అనే జంతువు వేటకు వాడే కిప్‌లాఫ్ అనే సింగిల్‌షాట్ తేలికగా ఉండి, విడదీసి సంచిలో పెట్టుకోవడానికి వీలవుతుంది.

గాయపడిన జంతువును వెంటనే రెండో తూటాతో కూల్చలేకపోతే అది క్రూరత్వమే కదా అన్నది బలమైన ఆక్షేపణ. ప్రమాదకర మృగాల విషయంలో దానికి సమాధానం లేదు. అక్కడ ఈ రైఫిల్ తగదు. మిగిలిన వేటలో చెయ్యి తిరిగినవారు కొద్ది సెకన్లలోనే మళ్లీ నింపగలరు. అయితే అసలు తేడా మొదటి తూటా ముందే ఉంది: దూరం తగ్గేదాకా ఆగడం, గురి కుదరకపోతే పేల్చకుండా వెనుదిరగడం. మేగజీన్ రైఫిల్‌లో ఒక్క తూటానే పెట్టుకుంటే చాలదా అంటే, చాలు. కానీ ఆ నియమాన్ని జింక కనబడిన క్షణంలోనూ మార్చుకోవచ్చు. సింగిల్‌షాట్ కొన్నవాడు ఆ నిర్ణయాన్ని అడవికి రాకముందే తీసుకున్నాడు. బైసన్ వేటగాడికి అంత బలమైన రిపీటర్ దొరకలేదు, ఇతనికి దుకాణంలో పక్కనే ఉంది.