తలుపు తెరువక మునుపు ఆడినవారు: ఎల్వెరా బ్రిట్టో హాకీ జీవితము

ఆటగాండ్ర గొప్పతనమును పతకములతో లెక్కించుట లోకమునకు అలవాటు. అయితే పతకములిచ్చు పోటీలలోనికి స్త్రీలకు ప్రవేశమే లేని కాలములో ఆడినవారిని ఏ తూకముతో తూచవలెను? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని, బెంగుళూరు ఆడపడుచు ఎల్వెరా బ్రిట్టో హాకీ జీవితమును చదువరుల ముందుంచుచున్నాము.

బెంగుళూరు కంటోన్మెంటు ప్రాంతమునకు హాకీ కొత్త ఆట కాదు. సైనిక పటాలములు, రైల్వే ఉద్యోగులు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబములు, మిషను పాఠశాలలు దానిని పెంచి పోషించినవి. అక్కడి కుక్ టౌన్‌లో పెరిగిన ఎల్వెరా తన 13వ యేట హాకీ కర్ర చేత పట్టినారు. ఆమె సోదరీమణులు రీటా, మే కూడ అదే బాట పట్టినారు. బ్రిట్టో అక్కచెల్లెండ్రంటే ఆ రోజులలో దేశపు స్త్రీల హాకీలో తెలియనివారు లేరు.

నేటి కర్ణాటకను అప్పుడు మైసూరు రాష్ట్రమనెడివారు. 1960 మొదలు 1967 వరకు ఎల్వెరా నాయకత్వమున ఆ జట్టు 7 సార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచినది. ఒకసారి గెలుచుట వేరు, గెలుపును నిలుపుకొనుట వేరు. ప్రతి యేట ఎదుటి జట్లన్నియు విజేతను ఓడించవలెననే పట్టుదలతో వచ్చును. వాటి నెదిరించి దాదాపు దశాబ్దము నిలిచిన జట్టునకు ఆమె నాయకురాలు. 1965లో ఆమెకు అర్జున పురస్కారము లభించినది. హాకీలో ఆ గౌరవము పొందిన మొదటి మహిళ ఆన్ లమ్స్‌డెన్ (1961), రెండవవారు ఎల్వెరా.

ఆ పురస్కారమునకు ఒక్క సంవత్సరము ముందు, 1964లో, టోక్యో ఒలింపిక్స్ ఫైనలులో మన పురుషుల జట్టు పాకిస్తాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణము తెచ్చినది. దేశమంతయు పండుగ చేసికొన్నది. అప్పటికి ఎల్వెరా ఆట మంచి పదునులో ఉన్నది. కాని టోక్యోలో స్త్రీలకు హాకీ పోటీయే లేదు. పురుషుల హాకీ ఒలింపిక్స్‌లో ప్రవేశించినది 1908లో. స్త్రీల హాకీ ప్రవేశించినది 1980లో. నడుమ 72 సంవత్సరములు! 1927లోనే స్త్రీల హాకీకి ప్రత్యేకముగా ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది గాని, అది చాలకాలము కప్పుల పోటీలకంటె దేశముల నడుమ స్నేహపూర్వకమైన ఆటలకే ప్రాధాన్యమిచ్చినది.

కనుక ఎల్వెరా అంతర్జాతీయ జీవితమును గూర్చి వ్రాయువారు ఆస్ట్రేలియా, శ్రీలంక, జపాన్ జట్లపై ఆమె భారతదేశము తరఫున ఆడినారని చెప్పుదురు. ప్రపంచ కప్పు లేదు, ఆసియా క్రీడలు లేవు, ఒలింపిక్స్ లేవు. ఈ లోటు ఆమె ఆటలోనిది కాదు, ఆ కాలపు ఏర్పాటులోనిది.

తరువాత తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకొన్నవి. 1974లో ఫ్రాన్సులో మొదటి మహిళా ప్రపంచ కప్పు జరుగగా భారత జట్టు నాల్గవ స్థానమున నిలిచినది. 1980లో మాస్కోలోను నాల్గవ స్థానమే. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మొట్టమొదటిసారి స్త్రీల హాకీ ప్రవేశపెట్టగా, ఎలైజా నెల్సన్ నాయకత్వమున మన జట్టు స్వర్ణము గెలిచినది. ఒక ఆటలో ప్రవేశించినంతనే ఇట్టి స్థానములు ఊరక రావు. పిలుపు వచ్చిన నాటికి దేశములో ఆట సిద్ధముగా ఉండవలెను. చూచువారు కొద్దిమందియైనను, బహుమానము స్వల్పమైనను, యేటేట జాతీయ పోటీలలో ఆడి ఆ ఆటను బ్రతికించినది ఎల్వెరా తరమువారే.

ఆట మానిన పిమ్మట కూడ ఆమె మైదానమును విడువలేదు. జట్ల ఎంపికలోను, మేనేజరుగాను సేవచేసినారు. కర్ణాటక రాష్ట్ర మహిళా హాకీ సంఘమునకు అధ్యక్షురాలిగా నడిపినారు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలలో మన స్త్రీలు ఇంగ్లండును ఓడించి స్వర్ణము గెలుచుట, మరుసటి యేట మన హైదరాబాదులోనే ఆఫ్రో-ఆసియా క్రీడలలో స్వర్ణము పొందుట ఆమె జీవితకాలములోనే జరిగినవి. 2021లో అదే టోక్యోలో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనలు చేరిరి. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 26న, తన 81వ యేట, ఎల్వెరా బెంగుళూరులో కన్నుమూసినారు.

తాను ఎక్కని మెట్టును తరువాతివారు ఎక్కుటకు వీలుగా క్రింది మెట్లు కట్టినవారిని మరచుట న్యాయము కాదు. పతకముల పట్టికలో వారి పేర్లుండవు; కావున ఆ పేర్లను మనమే వ్రాసి ఉంచవలెను. మన పాఠశాలల మైదానములలోను ఒకప్పుడు హాకీ కర్ర పట్టిన అమ్మాయిలుండిరి. వారు ఈనాడు అమ్మమ్మలు, నాయనమ్మలు. వారి జ్ఞాపకములను, పాత జట్ల ఛాయాచిత్రములను, ఆడిన సంవత్సరములను వారుండగానే అడిగి వ్రాసికొనుడని చదువరులను కోరుచున్నాము.