గడియారం తిప్పే హక్కు ఎవరిది?

పోయిన నెల ఆఫీసులో ఒక సర్వర్ గడియారం 7 నిమిషాలు వెనకబడింది. అందులోకి ఎవరికీ లాగిన్ కావట్లేదు. పాస్‌వర్డ్ తప్పేమోనని అరగంట తలలు పట్టుకున్నాక తెలిసింది, అసలు దొంగ గడియారమని. కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది మరి. టైమ్ సింక్ చేసే ప్రోగ్రామునేమో కంటైనర్లో పెట్టారు, దానికి గడియారం ముట్టుకునే పర్మిషన్ లేదు. "ఫుల్ రూట్ ఇచ్చెయ్, పనైపోతుంది" అన్నాడో మిత్రుడు. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పాలంటే మా కాజీపేట-బల్లార్షా లైను దాకా వెళ్ళాలి.

1929లో ఈ లైను పూర్తయ్యాకే మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి. దారిలో పెద్దపల్లి, రామగుండం కరీంనగర్ జిల్లావి. మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ ఆదిలాబాద్ జిల్లావి (2016లో జిల్లాలు విడగొట్టాక లెక్క మారిందనుకోండి). సూర్యుణ్ణి నమ్ముకుంటే ఏ ఊరి టైము ఆ ఊరిదే. డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీలది, కరీంనగర్ ఉన్నది సుమారు 79.1 దగ్గర. అంటే మా ఊరి మధ్యాహ్నం గడియారం కంటే 13-14 నిమిషాలు లేటు! ఇలా ఊరికో టైముంటే రైళ్ళు నడవవు. అందుకే 1906కి ముందు రైల్వేలు మద్రాసు టైము వాడేవి, గ్రీనిచ్‌కి 5 గంటల 21 నిమిషాలు ముందు. అక్కడి అబ్జర్వేటరీ లెక్కగట్టిన టైము టెలిగ్రాఫ్ తీగల మీద స్టేషన్లకి చేరేది. 1906 జనవరి 1 నుంచి 5:30 వచ్చింది.

రైల్వే జనరల్ రూల్స్‌లో ఒక ముచ్చటైన నియమం ఉంది. రోజూ 16:00 గంటలకి ముఖ్యమైన స్టేషన్లకి టైము సిగ్నల్ పంపాలి. గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు) స్టేషన్ గడియారం చూసి తన వాచీ సరిచేసుకోవాలి. డ్రైవరు గార్డుని అడిగి సరిచేసుకోవాలి. ఎన్‌టీపీ తెలిసినవాళ్ళకి ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? 1985లో డేవిడ్ మిల్స్ రాసిన ఎన్‌టీపీలో స్ట్రాటమ్‌లంటే ఇవే కదా. పైవాడి దగ్గర టైము తీసుకో, కిందివాడికి ఇవ్వు, మధ్యలో సొంత తెలివి వద్దు.

రైళ్ళు గుద్దుకోకుండా ఆపేది బ్లాక్ పద్ధతే, గడియారం కాదు. కానీ ఏ రైలు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో స్టేషన్లో రిజిస్టరు రాస్తారు. ఏదైనా జరిగితే రేపు ఎంక్వైరీలో అదే సాక్ష్యం. గడియారం తిప్పగలిగినవాడు సాక్ష్యాన్ని కూడా తిప్పగలడు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల భయం కూడా ఇదే. లాగులు, సర్టిఫికెట్ల గడువులు, అన్నీ గడియారాన్నే నమ్ముతాయి. అందుకే లైనక్స్‌లో దీనికి క్యాప్-సిస్-టైమ్ అని ప్రత్యేకంగా ఒక అనుమతి. ఓపెన్‌బీఎస్‌డీ సెక్యూర్‌లెవెల్ 2లో టైముని వెనక్కి తిప్పనివ్వదు. అదే లెవెల్లో ఫ్రీబీఎస్‌డీ 1 సెకనుకి మించి మార్చనివ్వదు. మన దగ్గర కూడా 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశాలు ఒకేచోట రెండు మాటలు చెప్పాయి: ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైముతో సింక్ అవ్వండి, లాగులు 180 రోజులు దాచండి. ఈ రెంటికీ లింకేమిటో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

కంటైనర్ సంగతి ఇంకా తమాషా. దానికి సొంత గోడ గడియారం ఉండదు, హోస్ట్‌దే అందరికీ. లోపలివాడికి అనుమతిస్తే, రైలుపెట్టెలో కూర్చున్నవాడు వాచీ తిప్పగానే స్టేషన్ గడియారం మారిపోయినట్టే!

చివరికి ఏం చేశానంటారా? కంటైనర్లోంచి ఆ ప్రోగ్రాము పీకేసి, హోస్ట్ మీద క్రోనీ పెట్టాను. అది రూట్‌గా మొదలై, వెంటనే మామూలు యూజర్‌గా దిగిపోతుంది, టైము మార్చే అనుమతి మాత్రం దగ్గరుంచుకుని. మా మిత్రుడు మాత్రం "రెండు నిమిషాల పనికి రెండు గంటలు చేశావ్" అని ఇప్పటికీ సణుగుతుంటాడు. సణగనీయండి. ఆ రెండు గంటలు లాగులో కరెక్టుగానే పడ్డాయి.