సినిమా పాటలో కవి కర్తృత్వం: అనకాపల్లి నుంచి సిరివెన్నెల సీతారామశాస్త్రి ప్రస్థానం

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా పాట ఒక్కరి సృష్టి కాదు. సందర్భాన్ని దర్శకుడు నిర్ణయిస్తాడు, బాణీని సంగీత దర్శకుడు కడతాడు, సాహిత్యాన్ని కవి సమకూరుస్తాడు, పెట్టుబడి నిర్మాతది. ఫ్రాన్సులో మిషెల్ బెర్జే (1947–1992) వంటివారు పాట రాసి, స్వరపరచి, రికార్డు నిర్మాణాన్ని కూడా తామే నిర్వహించారు. తెలుగు సినిమాలో అటువంటి ఏకకర్తృత్వం అరుదు. ఇందరి పాత్ర ఉన్న పాటలో కవి తన గొంతును ఎలా నిలుపుకున్నాడు, ఆ గొంతుకు చట్టం ఏ స్థానమిచ్చింది అన్న ప్రశ్నలను చేంబోలు సీతారామశాస్త్రి (1955–2021) వృత్తి జీవితం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. అనకాపల్లి నేపథ్యం

శాస్త్రి 1955 మే 20న మధ్యప్రదేశ్‌లోని శివనిలో జన్మించారు. బెల్లం వ్యాపారానికి పేరుగాంచిన అనకాపల్లిలో పదో తరగతి వరకు, కాకినాడలో ఇంటర్మీడియట్ చదివారు. టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూ ‘భరణి’ అనే కలం పేరుతో కవిత్వం రాశారు. ఆయన రాసిన ‘గంగావతరణం’ గేయం దర్శకుడు కె. విశ్వనాథ్ దృష్టికి వచ్చి ‘జననీ జన్మభూమి’ (1984) చిత్రంలో చోటు చేసుకుంది. సినిమా సందర్భం కోసం కాక, స్వతంత్రంగా పుట్టిన రచనతో ఆయన చిత్రసీమలో అడుగుపెట్టారన్నది గమనార్హం.

3. పాత్ర గొంతు, కవి గొంతు

కె.వి. మహదేవన్ సంగీతం అందించిన ‘సిరివెన్నెల’ (1986) చిత్రంలో నాయకుడు అంధుడైన వేణుగాన విద్వాంసుడు, నాయిక మూగ చిత్రకారిణి. చూపు లేనివాని లోకాన్ని నాదం ద్వారా చెప్పవలసిన ఆ సందర్భం కవి తాత్త్విక చింతనకు అవకాశమిచ్చింది. ఆ చిత్రం పేరే ఆయనకు ఇంటిపేరయింది. ‘సిరివెన్నెల’, ‘శ్రుతిలయలు’ (1987), ‘స్వర్ణకమలం’ (1988) చిత్రాలకు వరుసగా మూడేళ్లు నంది పురస్కారాలు లభించాయి. మొత్తం మీద ఆయన అందుకున్న నందులు 11.

విశ్వనాథ్ చిత్రాల సంప్రదాయ వాతావరణం దాటి వచ్చిన తరువాత కూడా ఈ గొంతు తగ్గలేదు. రామ్‌గోపాల్ వర్మ ‘గాయం’ (1993) నేర రాజకీయాల కథ. అందులో సమాజపు నిర్లిప్తతను నిలదీసే పాటలో శాస్త్రి స్వయంగా తెరపై కనిపించారు. సాధారణంగా తెర వెనుక ఉండే కవి ఇక్కడ పాత్రధారి చాటు లేకుండా ప్రేక్షకుల ఎదుట నిలిచాడు. ‘సిరివెన్నెల తరంగాలు’ గ్రంథంలో తన పాటల వెనుక ఉన్న ఆలోచనలను వివరించడం కూడా కర్తృత్వ ప్రకటనే.

4. చట్టం దృష్టిలో గీతరచయిత

సాహిత్య రంగంలో దక్కిన ఈ గుర్తింపు ఆర్థిక హక్కుగా మారలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ 1977లో సుప్రీంకోర్టు, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలమిచ్చి రాయించుకున్న సినిమా పాటపై తొలి హక్కు నిర్మాతదేనని తీర్పునిచ్చింది. 2012 సవరణ ఈ స్థితిని మార్చింది. సినిమా హాలులో చిత్రంతో పాటు జరిగే ప్రదర్శన మినహా, ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా పొందే హక్కును కల్పించింది. వారసులకో, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సంఘానికో తప్ప ఆ హక్కును ఇతరులకు వదులుకునే వీలు లేకుండా చేసింది. శాస్త్రి తొలి సినిమా పాటకూ ఈ సవరణకూ నడుమ 28 ఏళ్లు గడిచాయి.

5. ముగింపు

2019లో పద్మశ్రీ అందుకున్న శాస్త్రి 2021 నవంబరు 30న హైదరాబాదులో మరణించారు. దర్శకుడి సందర్భానికీ, మరొకరి బాణీకీ లోబడి రాసిన పాటను కూడా శ్రోతలు ‘సిరివెన్నెల పాట’గా గుర్తించడం ఆయన సాధించిన కర్తృత్వానికి నిదర్శనం. ఆ గుర్తింపును శ్రోతలు ముందుగా ఇచ్చారు. చట్టం ఆలస్యంగా ఆ దారికి వచ్చింది. తెలుగు సినిమా పాట చరిత్రను చిత్రాల వరుసలో మాత్రమే కాక, కవుల హక్కుల దృష్టితో కూడా రాయవలసిన అవసరాన్ని ఈ ప్రస్థానం సూచిస్తున్నది.