చేతికొచ్చిన 150 రోజులు

తొలకరికి విత్తిన ఆముదం ఫాల్గుణం దాకా చేలోనే నిలబడేది. పాలమూరు, నల్లగొండ చెలకల్లో వానలు దసరాకే ముఖం చాటేస్తాయి. ఆపైన ఎర్రమట్టి గట్టిపడుతుంది. మొదటి గెల నిండినా, తర్వాతి గెలలు తాలుపోయేవి. తొమ్మిది నెలలు కాపలా కాసిన రైతు గుప్పెడు గింజలతో ఇంటికొచ్చేవాడు.

1960లలో హైదరాబాద్‌ పరిశోధకులు ఈ గోడుకు విరుగుడు వెతికారు. ఎల్.జి. కులకర్ణి, జి. అంకినీడు వంటివారు ఆముదం మీదే పనిచేసిన కాలమది. ఇక్కడి పాత రకం హెచ్‌సి-6 గింజల గుణాలు మారాలని వాటికి థర్మల్ న్యూట్రాన్ల కిరణాలు తగిలించి విత్తారు.

ఆ మడిలోకి దిగి చూద్దాం. మొక్క మొక్కకూ చీటీ. గెల పైభాగాన ఎర్రటి ఆడపూలు, కింద పుప్పొడి రాల్చే పసుపు మగపూలు. ఆ పుప్పొడి గాలికి లేచి పక్క మొక్కను చేరితే జాతి కలిసిపోతుంది. అందుకే పూలు విచ్చకముందే గెలకు కాగితం సంచి తొడిగి దారం కట్టాలి. కిరణాలు సోకిన మొక్కల్లో కొన్ని గిడసబారతాయి, కొన్నిటికి ఆకులు వంకరపోతాయి, చాలావాటిలో పనికొచ్చేదేమీ ఉండదు. చుట్టూ కాయలు పచ్చిగా ఉండగానే ఎక్కడో ఒక గెల ఎండు రంగుకు తిరుగుతుంది. ఆ గింజలే విడిగా మూటకట్టాలి. మళ్లీ విత్తాలి, మళ్లీ ఏరాలి.

అలా 1969లో ‘అరుణ’ రైతు చేతికొచ్చింది. 270 రోజుల పంట 120 రోజులకు దిగింది. నేలలో తడి ఆరకముందే గెల చేతికందింది!

కానీ ఆముదానికి శత్రువు కరువొక్కటే కాదు. 1987లో గెలలు ముదిరే వేళ ముసురు పట్టింది. బూజు తెగులు తెలుగు నేలపై ఆముదం చేలను కమ్మేసింది. బూడిదరంగు నూగు కప్పిన కాయలు చేత్తో నొక్కితే మెత్తగా చితికిపోయాయి. తొందరగా పండే గుణం ఒక్కటే కాపాడలేదని ఆ ఏడాది నేర్పింది.

మరి తట్టుకునే గుణం ఎక్కడ దొరకాలి? రకరకాల గింజల్లోనే. 48-1 అనే ‘జ్వాల’ రకం వడలు తెగులును తట్టుకుంది, బూజుకూ కొంత ఓర్చింది. గుజరాత్‌ వారి జిసిహెచ్‌-4 సంకరానికి తండ్రి కూడా అదే. అంతకుముందు 1968లో వచ్చిన జిసిహెచ్‌-3కి తల్లి, ఆడపూలే పూసే టెక్సాస్‌ వంగడం. ఎక్కడి గింజ ఎక్కడి చేనును నిలబెట్టిందో చూడండి!

సంకరాల పని హైదరాబాద్‌లోనూ సాగింది. 1977లో ఇక్కడి రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్ ఏర్పడింది. ఇప్పుడది భారత నూనెగింజల పరిశోధన సంస్థ. డిసిహెచ్‌-177, డిసిహెచ్‌-519 సంకరాలు అక్కడివే. ఆ పక్కనే ఉన్న బుద్వేల్‌ స్టేషన్‌ దాటిన రైలు ఉందానగర్‌, షాద్‌నగర్‌ మీదుగా పాలమూరుకే పోతుంది. పరిశోధన మడికీ చెలకకూ మధ్య దూరం అంతే. శంషాబాద్‌ పక్క నర్ఖోడలోనూ ఆ సంస్థకు పొలం ఉంది.

మీ ఊళ్లో పెరటి గోడవారన ఎవరూ పట్టించుకోని ఆముదం చెట్టు ఉంటే, నరికేముందు నాలుగు గింజలు దాచి పరిశోధకులకు అందించండి. రేపటి తెగులుకు మందు ఆ గింజలోనే ఉండొచ్చు. చెట్టు పోయాక వెతికితే దొరకదు.