మహారాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల పనివేళలు

మహారాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలలో వారానికి ఐదు రోజుల పని విధానం 2020 ఫిబ్రవరి 29, శనివారం నుండి అమలులోకి వచ్చినది. శ్రీ ఉద్ధవ్ ఠాక్రే ముఖ్యమంత్రిగా ఉండగా అదే నెల 12వ తేదీన మంత్రివర్గం దీనిని ఆమోదించింది. కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్, సిరోంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు తహసీలు కచేరీతో తరచు పని పడుతుంది గనుక ఈ వేళల లెక్క తెలిసి ఉండడం అవసరం.

అంతకు పూర్వం రాష్ట్రమంతటా ఒకే నియమం లేదు. ముంబయి కార్యాలయాలు ఉదయం 9.45 నుండి సాయంత్రం 5.30 వరకు, తక్కిన జిల్లాలలోనివి 10 నుండి 5.45 వరకు పనిచేసేవి. రెండవ, నాల్గవ శనివారాలు సెలవు. కొత్త నియమంతో ఈ భేదం తొలగి, అంతటా 9.45 నుండి 6.15 వరకు అయినది. శిపాయిలకు మాత్రం 9.30 నుండి 6.30 వరకు, తలుపు తీసేదీ వేసేదీ వారే కదా! మధ్యాహ్నం 1, 2 గంటల నడుమ అరగంట భోజన విరామం.

ప్రభుత్వం చూపిన లెక్క ఇది. విరామం మినహాయిస్తే రోజుకు 7 గంటల 15 నిమిషాలుగా ఉన్న పని 8 గంటలకు పెరిగింది. ఏడాదికి పనిదినాలు 288 నుండి 264కు తగ్గినా, పనిగంటలు 2,088 నుండి 2,112కు పెరిగాయి. అనగా ఒక్కొక్క ఉద్యోగి ఏటా 24 గంటలు అదనంగా పనిచేయాలి. గణితంలో దోషం లేదు. అయితే పల్లెవాసి కచేరీని గంటలతో కొలవడు, దినాలతో కొలుస్తాడు. సాత్‌బారా నకలు కోసమో, కులధ్రువపత్రం కోసమో వచ్చేవాడు ఆనాటి కూలి వదులుకొనే వస్తాడు. అతనికి కచేరీ తెరిచి ఉండే రోజులు 24 తగ్గాయి. సాయంత్రం పెరిగిన అరగంట పట్టణవాసికి ఉపకరించినంతగా, ఊరికి బస్సు అందుకోవలసిన వానికి ఉపకరించదు.

సరిహద్దు దాటితే లెక్క మారుతుంది. తెలంగాణ జిల్లా కార్యాలయాలకు సాధారణంగా రెండవ శనివారమే సెలవు. కర్ణాటక 2019లో నాల్గవ శనివారాన్ని కూడా సెలవుగా చేర్చి, బదులుగా ఉద్యోగుల ఆకస్మిక సెలవులను 15 నుండి 10కి తగ్గించింది. అందువల్ల ఇరువైపులా కాగితాల పని ఉన్న కుటుంబాలు అవతలి పనిని మొదటి లేదా మూడవ శనివారానికి పెట్టుకొని, ఇవతలి పనిని శుక్రవారం లోపల ముగించుకోవడం మేలు.

ఆసుపత్రులు, పోలీసు, కారాగారాలు, నీటి సరఫరా, అగ్నిమాపక, పారిశుద్ధ్య సేవలకు ఈ విధానం వర్తించదు. పాఠశాలలకు, కళాశాలలకు కూడా వర్తించదు. కచేరీకి తాళం ఉన్నదని చూపి, బడి కూడా లేదనే పిల్లల మాట నమ్మవలదు.