మొదటి ముద్ద పిల్లలకే

మాఘం వెళ్లిపోతోంది. భద్రాచలం దాటి కిందికి, పేరంటాలపల్లి దగ్గర గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. పాపికొండల వెదురు పొదల్లోంచి సన్నగా ఒక ఈల. మనిషిది కాదు.

పోతుదుప్పి తల ఎత్తింది. ముంగాలితో నేలని తన్నింది. అవతలి వాలు నుంచి ఇంకో ఈల బదులిచ్చింది.

రేచుకుక్కలు! ఒక్కోటి పదిహేను కిలోలుంటే గొప్ప. దుప్పి అంతకి నాలుగైదింతలు. ఒంటికుక్కకి లొంగదు. అందుకే రెండు వెనక నుంచి తరుముతుంటే, ఇంకో రెండు పక్కవాలు పట్టి అడ్డం తిరుగుతుంటే, దుప్పి ఎండుటాకుల మీద జారుతూ, తీగలు తెంపుకుంటూ, కొమ్ములు వెదుళ్లకి తగిలి టకటకలాడుతుంటే, వాగు వైపు ఒక్క సందు ఖాళీగా కనబడి అటే దూకింది. ఆ సందు ఖాళీగా లేదు.

కొన్ని తరమడం, కొన్ని పొంచి ఉండడం. ఈ ఎత్తుని కర్ణాటక బండీపూర్ అడవిలో 1976 నుంచి 1978 దాకా కళ్లారా చూసి రాశాడు వన్యప్రాణి శాస్త్రవేత్త ఏ.జె.టి. జాన్‌సింగ్. పులిలా గొంతు పట్టవు ఇవి. ఊపిరి ఉండగానే చీలుస్తాయి. అంతకుముందు అది చూసిన తెల్లదొరలు వీటిని కిరాతక జంతువులన్నారు. చంపి తెచ్చినవాడికి బహుమానాలిచ్చారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. అప్పటికే చాలా గుంపులు తుడిచిపెట్టుకుపోయాయి. వేట చూసినవాళ్లు కడుపు నిండాక ఆ కుక్కలు ఎటు పరిగెత్తాయో కూడా చూసి ఉండాల్సింది.

బొరియకి! అక్కడ బాలింత తల్లి. పక్కనే కాపలాకి ఆగిపోయిన మరో కుక్క. రెండూ వేటకి రాలేదు. వచ్చినవి వచ్చినట్టు మెడ వంచాయి. పిల్లలు కుయ్‌కుయ్‌మంటూ మూతులు నాకాయి. పెద్దవి పొట్టలోని మాంసం వేడివేడిగా కక్కాయి. పిల్లలకి, తల్లికి, కాపలా కుక్కకి కూడా. కన్నవి మాత్రమే కాదు, గుంపంతా మోసుకొచ్చింది.

అసలు పరీక్ష తర్వాత వస్తుంది. పిల్లలు నడక నేర్చి, వేట పడ్డచోటికే వస్తాయి. సింహాల్లో అయితే పిల్లలది చివరి వంతు. ఇక్కడ తరిమి తరిమి డస్సిపోయిన పెద్దకుక్కలు, నాలుకలు వేలాడేసుకుని, పక్కకి తప్పుకుంటాయి. రక్తం వాసనకి చిరుత ఏ క్షణమైనా రావచ్చు. అయినా తొందరపెట్టవు. చుట్టూ నిలబడి అడవి వైపు చూస్తుంటాయి. పిల్లలు పొట్టలు ఉబ్బేదాకా తిని లేచాకే పెద్దవి మూతి పెడతాయి.